ఓరుగల్లు పొయ్యి మీద సముద్రపు జెల్ల

ఓరుగల్లు చరిత్ర అనగానే మనకు రాళ్లు, చెరువులు గుర్తొస్తాయి. వేయిస్తంభాల గుడి, కోటలో నాలుగు దిక్కులా నిలబడ్డ తోరణాలు, పాకాల, రామప్ప, లక్నవరం. ఈ ఊళ్లో పుట్టి, ఈ ఊళ్లోనే జువాలజీ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని. వాటిని తలుచుకుంటే నాకూ ఛాతీ పొంగుతుంది. అయితే మట్టెవాడలో మా ఇంటి పొయ్యి మీద ఉడికిన చరిత్ర ఇంకొకటి ఉంది. దాన్ని ఎవరూ రాతి మీద చెక్కలేదు. అది ఎండు జెల్ల చరిత్ర.

మ్యాపు మీద గీత గీసి కొలిస్తే వరంగల్ నుంచి సముద్రం ఎటు పోయినా రెండు వందల యాభై కిలోమీటర్లకు తక్కువుండదు. మా అమ్మమ్మ పాకాల చెరువు కన్నా పెద్ద నీళ్లు చూడకుండానే కన్నుమూసింది. అయినా సముద్రపు జెల్లను ఎట్లా నానబెట్టాలో, ఎంతసేపు ఉడికించాలో, ఏ కూరగాయతో కలిపితే రుచో ఆమెకు తెలుసు. ఆ చేపను ఎవరు పట్టారు, ఎవరు ఉప్పు పెట్టారు, ఏ దారిన మా వాడకు వచ్చిందని ఆరా తీస్తూ పోయాను. కాకతీయుల రేవు, ఈస్టిండియా కుంపెనీ కాలపు ఒక డాక్టరు, తెల్లదొరల ఉప్పు పన్ను, నిజాం రైలు ఒకదాని వెనుక ఒకటి ఎదురయ్యాయి. ఈ వ్యాసం వాటి గురించే.

సముద్రంతో ఓరుగల్లు సంబంధం రాతిలోకెక్కింది గణపతిదేవుడి కాలంలో. కృష్ణానది సముద్రంలో కలిసే సీమ ఆయన ఏలుబడిలోకి వచ్చాక మోటుపల్లి కాకతీయుల రేవయింది. ఇప్పుడది బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో చిన్న ఊరు. 1244లో గణపతిదేవుడు అక్కడి వీరభద్రుడి గుడిలో అభయ శాసనం వేయించాడు. అంతకుముందు రాజులు, గాలివానకు ఓడ దారి తప్పి తమ ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ లాక్కునేవాళ్లు. గణపతిదేవుడు ఆ పద్ధతి మానిపించాడు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చే వర్తకుల దగ్గర, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని మాట ఇచ్చాడు. ఆ సుంకం సరుకులో ముప్పయ్యో వంతు.

ఏ సరుకుకు ఎంత సుంకమో కూడా శాసనంలో ఉంది. మంచిగంధం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, పోకలు. 1290ల్లో ఈ తీరానికి వచ్చిన మార్కోపోలో ఈ సీమను ముత్ఫిలి అని పిలిచాడు. ఇక్కడి వజ్రాలను, సాలెగూడంత సన్నగా నేసిన బట్టను పొగిడాడు. రేవులో పెద్దల కళ్లకు కనబడిన సరుకులివి. అదే రేవు పక్కన ఇసుకలో ఆరిన చేపల మీద ఎవరి చూపూ నిలవలేదు. ఆ చేపను రాజు తినలేదు, పరదేశి వర్తకుడు కొనలేదు. అందుకే అది రాతకెక్కలేదు.

ఓరుగల్లు వీధులను కళ్లకు కట్టిన క్రీడాభిరామంలో ఒక రూక ఇస్తే పూటకూళ్లింట్లో ఎలాంటి భోజనం దొరికేదో వివరంగా ఉంది. అన్నం, పప్పు, నెయ్యి, పిండివంటలు, పెరుగు. ఆకలి పుట్టించే వర్ణనే, కానీ అది ఒక ఇంటి విస్తరి. కోట బయట వాడల్లో ఆ పూట ఏం ఉడికిందో కవి చెప్పలేదు. సురవరం ప్రతాపరెడ్డి గారు 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర అచ్చేసి, జనం తిండిలో, బట్టలో, ఆటపాటల్లో చరిత్రను వెతకాలని మనకు నేర్పారు. కావ్యాల్లో దొరకని తిండి సంగతి అంగళ్లలో, వంటిళ్లలో, చేప ఎముకల్లో వెతుక్కోవాలి. ఆయన చూపిన దారిలోనే నేనీ ప్రయత్నం చేస్తున్నాను.

ఇన్ని చెరువులున్న సీమకు సముద్రపు చేపతో పనేమిటని ఎవరైనా అడగొచ్చు. చెరువు ఏడాది పొడవునా చేపనివ్వదు. వానలు పడి అలుగు దూకినప్పుడు చేప ఎదురెక్కుతుంది. చలికాలం గడిచి నీళ్లు తగ్గితే వల తిప్పి కొర్రమట్టలు, వాలుగలు, మార్పులు పడతారు. ఎండాకాలం వచ్చేసరికి పాకాల లాంటి పెద్ద చెరువుల్లో తప్ప ఊరి కుంటల్లో నెర్రెలే మిగులుతాయి. సరిగ్గా అప్పుడే పొలం పనులుండవు, కూలి ఉండదు, కూరగాయ దొరకదు. ఆ నెలల్లో గంజిలోకి, గటకలోకి నంజుకోవడానికి ఏదో ఒకటి కావాలి. మృగశిర కార్తె రోజున చేప తినాలన్నది తెలంగాణ ఇళ్లలో తప్పని ఆనవాయితీ. జూన్ మొదటి వారం దాటాక, తొలకరి వేళ వచ్చే కార్తె అది. పచ్చి చేప కొనలేని ఏడు మా ఇంట్లో ఎండు జెల్లే మృగశిర చేప అయ్యేది.

ఆ చేప గురించి కొంచెం చెప్పాలి. మన చెరువుల్లోనూ చిన్న జెల్లలుంటాయి. సముద్రపు జెల్ల వేరే కుటుంబం. శాస్త్రంలో అరియస్, నెట్యూమా అనే పేర్లతో పిలిచే ప్రజాతులివి. గోదావరి, కృష్ణ ముఖద్వారాల్లో, ఒడ్డుకు దగ్గరి బురద నేలల్లో మందలుగా తిరుగుతాయి. ఒంటి మీద పొలుసు ఉండదు. మూతి చుట్టూ మూడు జతల మీసాలుంటాయి. నెట్యూమాలో పెద్ద జాతి మీటరు దాకా పెరుగుతుంది. వీపు మీది రెక్క ముందు ఒక ముల్లు, పక్క రెక్కలకు చెరొక ముల్లు. మూడింటికీ రంపపు పళ్లు, మీద విషపు పొర. అది గుచ్చుకుంటే రోజుల తరబడి చెయ్యి వాచి సలుపుతుంది. అందుకే వల తీయగానే జాలరులు చేసే మొదటి పని ఆ ముళ్లు విరవడం.

ఎముకల పాఠం వచ్చినప్పుడు క్లాసుకు ఎండు జెల్ల తలనే తీసుకుపోయేవాణ్ని. రాత్రంతా నీళ్లలో వేసి, మెత్తబడ్డ తోలు ఒలిచి, పాత బ్రష్షుతో తోమి ఆరబెడితే పుర్రె శుభ్రంగా బయటపడేది. పైభాగం గట్టి డాలు, నిండా గరుకు బుడిపెలు. తిరగేస్తే కింది ఎముకల కూర్పు శిలువ మీద చేతులు చాచిన మనిషి ఆకారంలో ఉంటుంది. దక్షిణ అమెరికా తీరాల్లో క్రైస్తవులు ఈ జాతి చేపల పుర్రెను భక్తితో దాచుకుంటారు. పుర్రెను చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల గలగలమంటుంది. ఆ చప్పుడు చెవిరాళ్లది. ఏ చేపకైనా చెవిరాయి ఉంటుంది కానీ సముద్రపు జెల్లకు మాత్రం అది చాలా పెద్దది. దాన్ని మధ్యకు కోసి అరగదీస్తే పొరలు కనబడతాయి. ఆ పొరలు లెక్కపెట్టి చేప వయసు చెబుతారు. వరంగల్ పిల్లల్లో చాలామంది అప్పటికి సముద్రం చూడలేదు. ఒకరి తరవాత ఒకరు ఆ తలను చెవి దగ్గర పెట్టుకునేవాళ్లు. గది నిశ్శబ్దమైపోయేది.

ఇంకో సంగతి చెప్పినప్పుడు ఆడపిల్లలు ముందు బెంచీల్లోకి జరిగి వినేవాళ్లు. ఈ జాతిలో గుడ్లను పొదిగేది తండ్రి. ఆడ చేప వేలకొద్దీ గుడ్లు పెట్టదు. పదుల లెక్కన పెడుతుంది. ఒక్కో గుడ్డు సెంటీమీటరుకు పైనే ఉంటుంది. చేపల లోకంలో అంత పెద్ద గుడ్డు అరుదు. మగ చేప వాటన్నింటినీ నోట్లోకి తీసుకుంటుంది. పిల్లలు బయటికి వచ్చి, గుడ్డులోని సొన అయిపోయి, సొంతంగా ఈదగలిగేదాకా వారాల తరబడి నోట్లోనే మోస్తుంది. అన్నాళ్లూ మేత ముట్టదు. గుడ్లు కదులుతూ ఉంటే వాటికి కొత్త నీరు తగులుతుంది, ఊపిరాడుతుంది. తండ్రి మాత్రం రోజురోజుకూ చిక్కిపోతాడు. ఈ కుటుంబం కోట్ల ఏళ్లుగా ఉప్పునీళ్లలో నిలవడంలో ఈ ఉపవాసానికీ వాటా ఉంది.

ఈ చేప మన తీరం నుంచే పుస్తకంలోకి ఎక్కింది. ప్యాట్రిక్ రసెల్ అనే స్కాట్లండు వైద్యుడు 1782లో తమ్ముడు క్లాడ్‌తో కలిసి విశాఖపట్నం వచ్చాడు. 1785లో కుంపెనీ ఆయన్ను కర్నాటిక్ సీమకు ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా నియమించింది. రక్తపింజరి పాముకు ఇంగ్లీషులో ఉన్న పేరు ఈయనదే. రోజూ వలలు ఒడ్డుకొచ్చినప్పుడు చేపలు తెప్పించుకుని, వివరాలు రాసుకుని, ఒక దేశీయ చిత్రకారుడి చేత బొమ్మలు గీయించాడు. 1789లో ఇంగ్లండు వెళ్లిపోయాడు. 1803లో విశాఖపట్నం చేపల మీద రెండు వందల బొమ్మలతో ఆయన పుస్తకం లండనులో అచ్చయింది. అందులో చేపల పేర్లను విశాఖ జాలరులు చెప్పినవి చెప్పినట్టే ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు. పొలస ఉంది, ఇంగిలి ఉంది, దెడ్డి జెల్ల ఉంది. తరవాత ఐరోపాలో చేపల శాస్త్రం రాసిన పెద్దలు ఈ జాతిని గుర్తించడానికి రసెల్ బొమ్మనే తిరగేశారు. ఆ బొమ్మ గీసిన చేతి పేరు మాత్రం పుస్తకంలో లేదు. వలలో నుంచి చేప తీసి, ఇది ఫలానా జెల్ల అని చెప్పిన జాలరి పేరూ లేదు. ఆ ఇద్దరినీ తలుచుకోకుండా ఈ చేప శాస్త్ర చరిత్ర చెప్పడం నాకు మనస్కరించదు.

ఇక తిండి సంగతి. పట్టిన చేప లోనాడుకు రావాలంటే ఉప్పు కావాలి. చేపను నిలువునా చీల్చి, పేగులు తీసి, కడిగి, మూడు నాలుగు వంతుల చేపకు ఒక వంతు ఉప్పు పట్టించి తొట్టిలో ఊరబెడతారు. ఊరిన నీరు వదిలాక ఇసుక మీద, చాపల మీద ఎండబెడతారు. ఈ పని తరతరాలుగా ఆడవాళ్లదే. మగవాళ్లు సముద్రం మీద ఉంటే చేపను సరుకుగా మార్చేది ఒడ్డున ఉన్న ఈ చేతులే. వాన మబ్బు కనబడితే అందరూ పరుగెత్తి చాపలు చుట్టేస్తారు. ఒక్క జల్లు పడితే పురుగు పడుతుంది, వారం శ్రమ మట్టిపాలవుతుంది.

ఉప్పు సముద్రపు ఒడ్డునే పండినా జాలరికి అది చేతికందేది కాదు. కుంపెనీ కాలం నుంచి ఉప్పు సర్కారు సొత్తు. 1878లో మద్రాసు రాజధానిలో మణుగు ఉప్పు మీద పన్ను రెండున్నర రూపాయలకు పెంచారు. చేపకు పట్టించే ఉప్పు చేప కన్నా ఖరీదైపోయింది. జాలరులు ఒడ్డున తెల్లగా తేలిన చవుడు మట్టి గీరి దానితో చేప ఊరబెడితే అదీ నేరమే అయింది. ఉప్పు చాలని చేప కుళ్లేది. కుళ్లిన చేప లోనాడు చేరి రోగాలు తెచ్చేది. భారతదేశపు చేపల మీద పెద్ద గ్రంథం రాసిన ఫ్రాన్సిస్ డే అంతకు కొన్నేళ్ల ముందే సర్కారు తరఫున చేపల రేవులన్నీ తిరిగి ఈ సంగతి గట్టిగా చెప్పాడు. 1870ల నుంచి మద్రాసు తీరమంతా చేపలు ఉప్పుపెట్టే యార్డులు మొదలయ్యాయి. కంచె వేసిన ఆవరణలో ఉప్పు శాఖ గుమాస్తా పన్ను లేని ఉప్పు తూచి ఇచ్చేవాడు. చేపను అక్కడే ఊరబెట్టాలి, అక్కడే ఎండబెట్టాలి, బయటికి పోయేటప్పుడు మళ్లీ తూకం. విశాఖ, గోదావరి, కృష్ణా జిల్లాల ఎండుచేప ఆ యార్డుల్లో నుంచే సంతలకు బయల్దేరింది. 1905 తరవాత మద్రాసు మత్స్యశాఖను నిలబెట్టిన ఫ్రెడరిక్ నికల్సన్ ఈ యార్డులను బాగుచేయడానికి చాలా కష్టపడ్డాడు. ఉప్పు పన్ను 1947లో గాని పోలేదు. గాంధీజీ దండిలో పిడికెడు ఉప్పు ఎత్తింది పేదవాడి కూడు కోసమైతే, ఆ కూడులో ఎండుచేపా ఉంది.

తీరం నుంచి లోనాడుకు ఉప్పు దారి చాలా పాతది. లంబాడీలు ఎద్దుల మీద గోనెలు వేసుకుని కృష్ణా తీరపు ఉప్పును దక్కనుకు చేర్చి, తిరుగు ప్రయాణంలో ధాన్యం, పత్తి తీసుకుపోయేవాళ్లు. ఎద్దుల మందలు నడిచిన ఆ దారులే మొదటి సరుకు దారులు. గుంటూరు తప్ప ఉత్తర సర్కారులు 1766లో నిజాం చేయి దాటిపోయాయి, 1788లో గుంటూరూ పోయింది. హైదరాబాదు రాజ్యానికి సముద్రం లేకుండా పోయింది. 1802లో కుంపెనీతో చేసుకున్న వర్తక ఒప్పందంలో మచిలీపట్నం (బందరు) రేవును వాడుకునే హక్కు నిజాం రాయించుకున్నాడు. గణపతిదేవుడికి మోటుపల్లి ఎంత అవసరమైందో, నిజాంకు బందరు అంత అవసరమైంది. లోనాడు రాజ్యాలన్నిటికీ తీరం మీద ధ్యాస ఉంది. ఆ ధ్యాస ఖజానా కోసం. సామాన్యుడి ఇంటికి సముద్రాన్ని తెచ్చింది రైలు.

నిజాం రైలు 1886లో సికింద్రాబాదు నుంచి వరంగల్ దాకా వచ్చింది. 1889లో బెజవాడ చేరింది. 1899కి బెజవాడ నుంచి మద్రాసుకు దారి కలిసింది. 1908లో బెజవాడ నుంచి బందరుకు లైను పడింది. అప్పటికి వరంగల్ తివాచీలకు సముద్రం అవతలి దాకా పేరుంది. 1851లో లండనులో జరిగిన మహా ప్రదర్శనలో మన తివాచీ నిలబడింది. రైలు వచ్చాక ఊళ్లోంచి పత్తి, ధాన్యం, తోళ్లు పోయేవి. ఊళ్లోకి వచ్చినవాటిలో ఉప్పు ఉంది, ఎండుచేప ఉంది. నిజాం సరిహద్దు దాటేటప్పుడు కరోడ్‌గిరి (సుంకాల శాఖ) వాళ్లు సరుకు విలువ మీద నూటికి ఐదు చొప్పున సుంకం పట్టేవాళ్లు. ఖమ్మం, డోర్నకల్, మహబూబాబాద్, కేసముద్రం, నెక్కొండ స్టేషన్లలో సంచులు దిగేవి. అక్కణ్నుంచి బండ్ల మీద నర్సంపేట, గూడూరు, ములుగు అంగళ్లకు, ఇంకా లోపలికి ఏటూరునాగారం వైపు అడవి ఊళ్లకు పోయేవి.

1934లో వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు మొదలయ్యాక కార్మికుల వాడలు పెరిగాయి. షిఫ్టు దిగి వచ్చే మనిషికి గంటలో కూర కావాలి, అది అణాల్లో రావాలి. ఎండుచేప ఆ రెంటికీ సరిపోయింది. నాలుగు ముక్కలు పులుసులో పడితే ఇంటిల్లిపాదికీ కూర. మాంసం ధరకు ఆమడ దూరం, బలానికి దగ్గర. ఈ ఊరి మిల్లు, ఈ ఊరి స్టేషను, ఈ ఊరి గంజు నడిచింది ఆ కూడు తిన్న కండల మీద.

మా వాడకు ఎండుచేప తెచ్చే అవ్వ తెల్లారి రైలు దిగి వచ్చేది. నెత్తిన గంప, గంప మీద తడిగుడ్డ. మెత్తళ్లు, ఎండు రొయ్యలు పైన, జెల్లలు అడుగున. మా అమ్మమ్మ అరుగు మీద కూర్చుని బేరమాడేది.

"జెల్లలు పాతయా, కొత్తయా అవ్వా?"

"మొన్నటి ఎండకెండినయి బిడ్డా. ఇరిసి చూడు, తునుగుతదా? వంగుతది. మెత్తగుంటే తీసుకోకు."

అమ్మమ్మ ముక్కను రెండు చేతులతో వంచేది, ముక్కు దగ్గర పెట్టుకునేది, బొటనవేలితో ఉప్పును గీరి చూసేది. ఎర్రగా మచ్చలుంటే పక్కన పెట్టేది. ఉప్పు తిన్న చేప మీద పెరిగే ఒక సూక్ష్మజీవి వల్ల ఆ ఎరుపు వస్తుందని నేను తరవాత ఎమ్మెస్సీలో చదివాను. అక్షరం రాని ఆ ఇద్దరికీ అది వేలి కొసల్లో ఉంది.

వండేది ఇట్లా. ముక్కలు ముందు పెంక మీద వెయ్యాలి. నూనె వద్దు. వాసన గుప్పుమనేదాకా కాల్చి, వేడి నీళ్లలో వేసి, చల్లారాక రాయి మీద రుద్ది కడగాలి. అప్పుడు ఉప్పు దిగుతుంది, ఇసుక పోతుంది. ముల్లు మొదలు ఏదైనా మిగిలితే వేలికి తగులుతుంది, తీసెయ్యాలి. మట్టి సట్టిలో ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, పచ్చిమిరప వేగాక లేత వంకాయలు, కారం, పసుపు. చింతపులుసు మరిగాక జెల్ల ముక్కలు. ఉప్పు వెయ్యకూడదు, చేప తెచ్చిన ఉప్పే చాలు. చివరికి మెంతిపొడి చిటికెడు. వేసవి మొదట్లో చింతచిగురు దొరికితే పులుసు మానేసి చిగురుతోనే వండేది. మొదటి రోజు జొన్నరొట్టెలోకి, మర్నాడు గటకలోకి. రెండో రోజే రుచి ఎక్కువ.

ఈ చేప ఒంట్లోనే ఇంకో వర్తకపు దారి ఉంది. జెల్ల గాలితిత్తిని జాలరులు విడిగా తీసి, కడిగి, ఎండబెట్టి వర్తకులకు ఇచ్చేవాళ్లు. అది ఓడెక్కేది. చైనా వాళ్లు దాన్ని గొప్ప విందుల్లో సూపుగా వండుకుంటారు. ఐరోపాలో బీరును, ద్రాక్షసారాను తేటపరచడానికి వాడారు. ఒకే చేప గాలితిత్తి సముద్రం దాటి శ్రీమంతుల బల్ల మీదికి, కండ ఉప్పుతో కలిసి ఓరుగల్లు కూలివాడి సట్టిలోకి. మోటుపల్లి శాసనంలో చోటు దొరకని చేప ఇట్లా రెండు దిక్కులా వర్తకం నడిపింది.

ఎండుచేప తిన్నవాళ్లను చులకనగా చూసిన లోకం ఇది. వాసన వస్తుందని ఇల్లు అద్దెకు ఇవ్వని వాళ్లను చూశాను. డబ్బా మూత తీయడానికి సిగ్గుపడి బడిలో పస్తున్న పిల్లల్నీ చూశాను. ఆ సిగ్గు పిల్లలది కాదు, వాళ్లు సిగ్గుపడేలా చేసిన మనది. ఒక జాతి తిండిని తక్కువ చేయడమంటే ఆ తిండి వెనకున్న శ్రమను, తెలివిని, చరిత్రను తక్కువ చేయడమే. ఈ మాట నేను క్లాసులో చెప్పాను, ఇప్పుడు రాస్తున్నాను.

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడింది. పాలకాయతిప్ప లాంటి జాలరి ఊళ్లు తెల్లారేసరికి లేవు. సర్కారు లెక్కలోనే పదివేలమంది పోయారు. వరంగల్‌లో మేం చందాలు పోగుచేసి, బట్టలు మూటగట్టి లారీలకెత్తాం. ఆ చలికాలం మా వాడకు గంప రాలేదు. అంతవరకు ఎండుచేప నాకు అంగట్లో దొరికే సరుకు. అది ఏ ఒడ్డు నుంచి, ఏ మనుషుల చేతుల మీదుగా వస్తున్నదో నాకు ఎరుకైంది అప్పుడే. నా ఆరా మొదలైంది అక్కడే.

తరవాత కాలం వేగంగా మారింది. మంచు ఫ్యాక్టరీలు వచ్చాయి, మరపడవలు వచ్చాయి. కొల్లేరు, కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో పెంచిన బొచ్చె, రవ్వు మంచులో పడుకుని రాత్రికి రాత్రి లారీల్లో వరంగల్ చేరడం మొదలైంది. 2015లో మిషన్ కాకతీయ కింద మన చెరువుల్లో పూడిక తీశారు, మర్నాటి ఏడు నుంచి చేపపిల్లలు వదిలారు. కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప అయింది. ఇవన్నీ సంతోషించాల్సినవే. ఊళ్లో పచ్చి చేప పేదవాడికీ అందుతున్నది. ఎండు జెల్ల అడిగేవాళ్లు మాత్రం తగ్గారు.

సముద్రంలో జెల్లకూ కష్టకాలం వచ్చింది. 1980ల్లో కర్ణాటక తీరంలో పెద్ద పర్స్ సీన్ వలలు గుడ్లు మోస్తున్న మగ చేపల మందలను మందలుగానే చుట్టేశాయి. నోళ్లలోని గుడ్లు, పిల్లలు పడవల మీద కుప్పలయ్యాయి. వేలకొద్దీ గుడ్లు పెట్టే కవళ్ల లాంటి చేప రెండేళ్లలో తేరుకుంటుంది. పదుల్లో గుడ్లు పెట్టి, తండ్రి పస్తులుండి సాకే జాతి అట్లా తేరుకోలేదు. పడమటి తీరంలో జెల్ల వేట కుప్పకూలింది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఆ ఏళ్లలోనే హెచ్చరించారు. తండ్రి నోట్లో గుడ్లున్న కాలంలో ఆ మందల జోలికి పోకూడదన్న చిన్న నియమం పాటించి ఉంటే సరిపోయేది. తూర్పు తీరంలో మనకు ఆ గుణపాఠం ముందే దొరికింది. వాడుకోవాలి.

నా కోరిక రెండు మాటల్లో చెబుతాను. కాకతీయుల మీద, వరంగల్ మీద పుస్తకాలు రాసేవాళ్లు కోటగోడ లోపలి విస్తరి దగ్గర ఆగిపోకుండా అంగడి గంప దాకా రావాలి. రైలు సరుకు లెక్కలు, కరోడ్‌గిరి దస్త్రాలు, ఉప్పు శాఖ రిపోర్టులు పాత కార్యాలయాల్లో దుమ్ము కింద ఉన్నాయి. మన విశ్వవిద్యాలయం పిల్లలు వాటిని తీసి చదవాలి. నర్సంపేట, గూడూరు, ఏటూరునాగారం అంగళ్లలో ఎండుచేప అమ్మిన ముసలివాళ్లు ఇంకా కొందరున్నారు. సరుకు ఎక్కడ ఎత్తేవాళ్లో, ఏ స్టేషన్లో దించేవాళ్లో, ఏ చేపకు ఏ పేరో వాళ్లకు తెలుసు. వాళ్ల మాట ఇప్పుడే రికార్డు చేయాలి. మ్యూజియంలో కాకతీయుల విగ్రహాల పక్కన ఒక జెల్ల పుర్రె, ఒక మట్టి సట్టి, ఒక వెదురు గంప పెట్టినా తప్పేం లేదు. ఈ నగరాన్ని కట్టినవాళ్ల కూడు అది. దానికి చరిత్రలో చోటు ఇవ్వాల్సిన బాధ్యత చదువుకున్న మన మీద ఉంది.